నలుగురైదుగురితో మధ్యయుగాల, రెనైసాన్స్ చర్చి సంగీతం పాడటం ఎలా: మొదటి చాంట్ నుంచి నాలుగు గొంతుల మాస్ దాకా

1590లలో ఇంగ్లండ్‌లో కాథలిక్ పూజ చేసుకోవడం చట్టరీత్యా నేరం. ఆ రోజుల్లోనే స్వరకర్త విలియమ్ బర్డ్ మూడు గొంతులకి ఒకటి, నాలుగు గొంతులకి ఒకటి, ఐదు గొంతులకి ఒకటి చొప్పున మూడు మాస్‌లు (పూజలో పాడే భాగాలకి కట్టిన సంగీతం) రాసి అచ్చేయించాడు, వాటికి టైటిల్ పేజీ లేదు, అచ్చువేసినవాళ్ళ పేరు కూడా లేదు. వాటిని పాడింది పెద్ద పెద్ద కతీడ్రల్ క్వయర్లు కాదు, తలుపులు వేసుకుని రహస్యంగా పూజ చేసుకున్న ఇళ్ళల్లో గొంతుకి ఒకళ్ళో ఇద్దరో. ముందు ఇది ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది "మా దగ్గర ఐదుగురే ఉన్నారు, ఇలాంటివి మనవల్ల ఎక్కడవుతాయి" అని మొదలుపెట్టకుండానే వదిలేస్తారు. ఐదుగురు సరిపోతారు, ఇందులో చాలా సంగీతం ఇలాంటి చిన్న గుంపులకి బాగా కుదురుతుంది. కావాల్సిందల్లా తను పాడుతూనే పక్కవాళ్ళని వినగలిగే చెవి, కింద చెప్పేవన్నీ ఆ చెవిని తయారుచేసుకునే పద్ధతులే.

మొదటి అడుగు: మనుషులు

నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా బావుంటుంది. గొంతుకి ఒక్కరు ఉంటే శ్రుతి త్వరగా కుదురుతుంది కానీ ఊపిరి తీసుకోవడానికి ఎవరూ కవర్ చెయ్యరు. ముగ్గురుంటే చాలా హాయి. ఇద్దరు ఉన్నప్పుడే అసలు కష్టం, ఎందుకంటే రెండు గొంతుల మధ్య కొంచెం తేడా ఉన్నా అది బయటికి వినిపిస్తుంది, మూడో గొంతు దాన్ని సర్దదు. ఇద్దరేసి ఉన్నారనుకోండి, ఆ ఇద్దరినీ వేరేగా కూర్చోబెట్టి ఒకే స్వరం మీద ఒకే అచ్చు పలికించి కలిసేదాకా పాడించండి, వారం వారం చెయ్యాలి ఇది.

మనుషుల్ని ఎంచుకునేటప్పుడు గొంతు ఎంత పెద్దది అని చూడకండి. తను పాడుతుంటే పక్కన ఇంకో లైన్ పాడి చూడండి, అప్పుడు కూడా తన లైన్ మీద నిలబడ్డాడా, నిలబడటం కోసం మరీ గట్టిగా అరిచాడా, లేక విని సర్దుకున్నాడా. ఆ మూడోవాళ్ళు కావాలి మీకు. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం సగం మందికైనా వస్తే మిగతావాళ్ళు నెమ్మదిగా పట్టుకుంటారు.

ఇంకో విషయం, ఈ కాలం సంగీతంలో ఆల్టో (పై నుంచి రెండో గొంతు) లైన్ చాలాసార్లు మగవాళ్ళ పైగొంతు కోసం రాసింది, మన ఆడవాళ్ళకి అది మరీ కిందకి పోతుంది. అలాంటప్పుడు మొత్తం పీస్‌ని ఒక స్వరమో రెండు స్వరాలో పైకి జరపండి, తప్పేం కాదు, అప్పట్లో ఈ స్వరం ఇంత ఎత్తున ఉండాలి అనే స్టాండర్డ్ పిచ్ లేనే లేదు. కాగితం మీద క్లెఫ్‌లు (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తులు) పైస్థాయివి అయితే నాలుగు స్వరాలో ఐదు స్వరాలో దించి పాడే అలవాటు కూడా ఉండేది. కాబట్టి మీ గొంతులకి ఏది సుఖంగా ఉంటే అదే శ్రుతి. నలుగురూ ఆడవాళ్ళే అయితే ఇంకా మంచిది, 12వ శతాబ్దపు హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ తన మఠంలో కన్యస్త్రీలతో పాడించుకోవడానికి రాసిన పాటలు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి.

రెండో అడుగు: కీబోర్డ్ కట్టెయ్యండి, తంబురా పెట్టండి

మన చర్చిల్లో క్వయర్ అంటే కీబోర్డ్, రిథమ్ ప్యాడ్ లేకుండా ఊహించుకోలేం. స్వరాలు నేర్చుకునేదాకా కీబోర్డ్ వాడుకోండి, శ్రుతి కలిపేటప్పుడు మాత్రం ఆపెయ్యండి. ఎందుకంటే కీబోర్డ్‌లో మేజర్ థర్డ్, అంటే స నుంచి అంతర గాంధారం, సహజంగా ఉండాల్సిన దానికంటే పైన ఉంటుంది. ఒక సెమిటోన్‌ని (అరస్వరాన్ని) 100 సెంట్లుగా లెక్కేస్తే కీబోర్డ్‌లో అది 400 సెంట్లు, సహజంగా మోగేది సుమారు 386. ఆ 14 సెంట్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ వాయిద్యాలేమీ లేకుండా నాలుగు గొంతులు మాత్రమే పాడుతున్నప్పుడు కార్డ్ కలిసి మోగడానికీ గరగరలాడటానికీ మధ్య ఉన్న తేడా అంతా అదే. ఫిఫ్త్ (స నుంచి ప) మాత్రం దాదాపు సరిగ్గానే ఉంటుంది, కీబోర్డ్‌లో 700, సహజంగా 702.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక మంచి అవకాశం ఉంది. కర్ణాటక సంగీతం కొంచెమైనా నేర్చుకున్నవాళ్ళకి తంబురా వింటే ఆ స్వయంభూ గాంధారం తెలుస్తుంది కదా, స తీగ మీటితే దానంతట అదే పైన మెల్లగా మోగే గాంధారం. 16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా పాటలు పాడేటప్పుడు మనకి కావాల్సింది సరిగ్గా అదే గాంధారం. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకోండి, బాస్ (అట్టడుగు గొంతు) స పట్టుకోవాలి, టెనర్ (దాని పై గొంతు) ప పట్టుకోవాలి, ఆ రెండూ అద్దంలా నిలిచాక మూడోవాళ్ళు గాంధారం పెట్టాలి, అది కూడా మెల్లగా, కింద నుంచి వెతుక్కుంటూ. మొదట 'ఊ' మీద, తర్వాత 'ఓ', తర్వాత 'ఆ'. అందరి నోరు ఒకే ఆకారంలో ఉందో లేదో చూసుకోండి, ఒకరు వెడల్పాటి 'ఆ', ఇంకొకరు గుండ్రటి 'ఆ' పాడితే స్వరం ఒకటే అయినా శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. రోజూ పది నిమిషాలు. ఒక్కటే జాగ్రత్త, గమకాలు పూర్తిగా పక్కన పెట్టాలి, స్వరం నిటారుగా నిలవాలి, ఊపు ఎక్కువ ఉన్న గొంతులు కూడా కొంచెం తగ్గించుకోవాలి.

ఇంకా పాత సంగీతం, అంటే 12 నుంచి 14వ శతాబ్దం దాకా, లియోనిన్, పెరోటిన్, మషో అనే స్వరకర్తల కాలం, అక్కడ లెక్క వేరు. వాళ్ళకి ఫిఫ్త్, ఆక్టేవ్ (స నుంచి పై స) విశ్రాంతి స్థానాలు, థర్డ్ అంటే టెన్షన్. ఆ గాంధారం 408 సెంట్ల దాకా పైన ఉండి ఫిఫ్త్‌లోకి లాక్కుపోతుంది. కాబట్టి ఏ శతాబ్దం పాడుతున్నారో ముందు తెలుసుకుని అప్పుడు గాంధారం ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

మూడో అడుగు: చాంట్, దీన్ని దాటెయ్యకండి

గ్రెగోరియన్ చాంట్ (అందరూ ఒకే రాగంగా పాడే పాత లాటిన్ చర్చి పాట) అంటే ఒక్క లైన్ కదా, ఏముంది ఇందులో అనుకుని తిన్నగా నాలుగు గొంతుల పాటలకి వెళ్ళిపోయే గ్రూపులు ఎక్కువ. నా అభిప్రాయం మాత్రం గట్టిగా ఒకటే, మొదటి రెండు మూడు నెలలు చాంట్ తప్ప ఏమీ పాడకపోయినా నష్టం లేదు. ఆరుగురు ఒక్క మనిషిలా ఊపిరి తీసుకుని ఒక్క మాటలా పలకడం వచ్చాకే నాలుగు లైన్లు విడివిడిగా పాడటం వస్తుంది, పైగా తర్వాత వచ్చే మోటెట్లు (కొన్ని గొంతులకి కట్టిన చర్చి పాటలు), మాస్‌లు చాలావరకు ఈ రాగాల మీదే కట్టారు.

చాంట్ నొటేషన్ చూసి భయపడక్కర్లేదు, నాలుగు గీతలు, చదరపు నోట్లు. గీత మొదట్లో ఉండే గుర్తు 'దో' ఎక్కడుందో లేదా 'ఫా' ఎక్కడుందో చెప్తుంది, అంతే (దో, రె, మి, ఫా, సోల్, లా, సి అనేవి వాళ్ళ సరిగమలు). అది నిజమైన పిచ్ కాదు, మన స లాగా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సెమిటోన్లు రెండే చోట్ల, దో కింద ఒకటి, ఫా కింద ఒకటి, ఇవి కనిపెడితే మిగతాదంతా పూర్తి స్వరాలే. మార్పు వచ్చేది దో కిందుండే 'సి' ఒక్కదానికే, దాని ముందు ఫ్లాట్ గుర్తు ఉంటుంది. నోట్ల గుంపుల్ని న్యూమ్‌లు అంటారు: ఒక్క చదరం పుంక్టుం. ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉంటే పోడాటుస్, కింది నోటు ముందు పాడాలి. పై నుంచి కిందికి దిగేది క్లివిస్. కింద, పైన, కింద అయితే టోర్కులుస్. లావుగా ఏటవాలుగా ఒక గీత ఉండి చివర పైన నోటు ఉంటే పొర్రెక్టుస్, అందులో ఏటవాలు గీత మొదలూ చివరా మాత్రమే నోట్లు, మధ్యలో జారకూడదు, కొత్తవాళ్ళందరూ ఇక్కడే జారతారు. నోటు పక్కన చుక్క ఉంటే నిడివి పెంచాలి, పైన అడ్డగీత ఉంటే కొంచెం నిలవాలి. వరస చివర కనిపించే చిన్న సగం నోటు పాడేది కాదు, తర్వాత వరస ఏ స్వరంతో మొదలవుతుందో ముందే చూపిస్తుంది. మాటల్లో నక్షత్రం గుర్తు ఉంటే అక్కడి దాకా ఒక్కరు, అక్కణ్ణుంచి అందరూ.

రిథమ్ గురించి గొడవలు పాతవే. ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠం వాళ్ళు 19వ శతాబ్దంలో చాంట్‌ని మళ్ళీ బతికించి ఎడిషన్లు తెచ్చారు, ఆ చుక్కలూ అడ్డగీతలూ వాళ్ళ పద్ధతే. 1979లో వచ్చిన గ్రదువాలె త్రిప్లెక్స్‌లో చదరపు నోట్లతో పాటు 10వ శతాబ్దం నాటి పాత చేతిరాత గుర్తులు కూడా వేశారు, ఎక్కడ తొందర, ఎక్కడ నెమ్మది అనేది వాటివల్ల తెలుస్తుంది. మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది, ముందు మాటలు చదవండి, అందరూ కలిసి, దీర్ఘం తీయకుండా మామూలుగా, వాక్యం అర్థమయ్యేలా. తర్వాత అదే వేగంతో ఒకే స్వరం మీద పాడండి. ఆ తర్వాతే రాగం ఎక్కించండి. తాళం వెయ్యొద్దు, చేత్తో దరువు అసలొద్దు.

మొదటి పాటలుగా పవిత్ర గురువారం పాడే ఊబి కారితాస్, సాల్వే రెజీనా సింపుల్ టోన్ (తేలిక రాగం), ఇంకా కీరియె ఓర్బిస్ ఫాక్టోర్ పెట్టుకోండి. వీటితో పాటు వారానికొక బైబిల్ కీర్తన రెండు వైపులుగా చీలి పాడండి, ఒక వైపు ఒక చరణం, రెండో వైపు ఇంకోటి. చరణం మధ్యలో నక్షత్రం దగ్గర ఆగాలి (కీర్తనల్లో ఈ గుర్తు విరామానికి), ఒక్క ఊపిరి పట్టేంత నిశ్శబ్దం, అందరూ కలిసి ఆగి ఎవరూ సైగ చెయ్యకుండా కలిసి మొదలెట్టాలి. అది కుదిరిందంటే మీ గ్రూప్ ఒకళ్ళనొకళ్ళు వింటున్నట్టు లెక్క. కీర్తనల నంబర్లు చూసుకోండి, లాటిన్ బైబిల్లో చాలావాటికి ఒకటి తక్కువ ఉంటుంది, మన తెలుగు బైబిల్లో 42వ కీర్తన వాళ్ళకి 41.

నాలుగో అడుగు: లాటిన్ పలకడం

దీంట్లో తెలుగు నోటికి చాలా సుఖం. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ ఐదూ శుభ్రంగా ఉంటాయి, త, ద పళ్ళకి తగిలేలా పలకాలి, ట, డ కాదు. ఒత్తులు మనకి పుట్టుకతో వచ్చినవే, 'పెక్కాతా', 'తొల్లిస్', 'ఎచ్చె' అని ఒత్తు పూర్తిగా పట్టి పలికితే ఇంగ్లిష్ వాళ్ళకంటే మనకే బాగా కుదురుతుంది. చర్చి లాటిన్ పలికే ఇటాలియన్ పద్ధతిలో 'ఎ', 'ఇ' ముందు సి అక్షరం చ అవుతుంది, చేలుమ్ అన్నట్టు. జి అక్షరం జ అవుతుంది, రెజీనా. జి, ఎన్ కలిస్తే మన ఞ, ఆఞ్యుస్. గ్రాత్సియా అనాలి, గ్రాటియా కాదు. హెచ్ పలకదు, మికి, నికిల్ రెండు మాటల్లో మాత్రం క అవుతుంది.

మన అలవాట్లు మూడు మాత్రం అడ్డొస్తాయి. మాట మొదట్లో ఎ ఉంటే మనం తెలియకుండా 'యె' అంటాం, ఒ ఉంటే 'వొ' అంటాం, 'యెత్', 'వొమ్నెస్' అని వచ్చేస్తుంది, దాన్ని పట్టుకుని మాన్పించాలి. మాట చివర హల్లు ఉంటే ఉకారం చేర్చేస్తాం, 'దేవుసు' అన్నట్టు, దాన్ని కూడా కత్తిరించాలి. మూడోది, మాటలో ఏ అక్షరం మీద బరువు పడుతుందో మనం పట్టించుకోం, లాటిన్‌లో ఆ బరువే రిథమ్. దోమినుస్‌లో మొదటిది, మిసెరేరెలో 'రే'. ప్రతి మాట మీద పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి.

అర్థం తెలియకుండా ఒక్క లైన్ కూడా పాడించకండి. ప్రతి పాటకీ మాట కింద మాటగా తెలుగు రాసి అందరికీ ఇవ్వండి.

ఐదో అడుగు: ఒక లైన్ నుంచి రెండు, మూడు

ఇక్కడ తొందరపడితే అంతా పాడవుతుంది, చరిత్ర వెళ్ళిన దారిలోనే వెళ్ళండి. ముందు తెలిసిన చాంట్‌కి కింద స పట్టుకుని ఇద్దరు నిలబడాలి, పైన మిగతావాళ్ళు పాడాలి. హిల్డెగార్డ్ పాటలకి ఇలా చేస్తే చాలా బావుంటుంది, అయితే పాత రాతప్రతుల్లో ఆ డ్రోన్ రాసి లేదు, అది ఇప్పటి గాయకులు ఎంచుకున్నది. తర్వాత అదే చాంట్‌ని సగం మంది ఐదు స్వరాల కింద సమాంతరంగా పాడాలి. 9వ శతాబ్దపు మూసికా ఎంకిరియాదిస్ అనే గ్రంథంలో ఇలా పాడే పద్ధతి వివరించి ఉంది. విన్నంత తేలిక కాదు, ఫిఫ్త్ జరుగుతూ ఉంటే పట్టుకోవడం కష్టం, శ్రుతికి దీన్ని మించిన ఎక్సర్‌సైజ్ నాకు తెలీదు.

ఆ తర్వాత ఓ విర్గో స్ప్లెందెన్స్. 1399 ప్రాంతంలో కాటలోనియాలోని మొంసెరాత్ మఠంలో యాత్రికుల కోసం రాసిపెట్టిన లిబ్రె వెర్మెల్‌లోది, రాగం ఒక్కటే, రెండో గుంపు, మూడో గుంపు వెనకనుంచి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకుంటారు. ఒక్క లైన్ నేర్చుకుంటే మూడు గొంతుల సంగీతం వచ్చేస్తుంది. దాని వెనకే 15వ శతాబ్దపు స్వరకర్త గియోమ్ దుఫాయ్ కట్టిన ఆగమన కాలపు హిమ్న్, కొందితోర్ ఆల్మె సీదెరుమ్, ఒక చరణం చాంట్, తర్వాత చరణం మూడు గొంతులు. ఆ మూడింట్లో మధ్య గొంతు రాసి ఉండదు, పైగొంతుకి నాలుగు స్వరాల కిందుగా అదే రాగం పాడుకుంటూ పోవాలి, ఫోబుర్దోన్ అంటారు ఈ పద్ధతిని. చాంట్ రాగం పైగొంతులోనే ఉంటుంది కాబట్టి మీ వాళ్ళకి ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుస్తుంది.

ఆరో అడుగు: నాలుగు గొంతుల పాట ఎంచుకోవడం

స్కోర్లు ఇంటర్నెట్‌లో సీపీడీఎల్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ అక్కడ ఒక్కో పాటకి పది ఎడిషన్లు ఉంటాయి, అన్నీ మంచివి కావు. అసలు శ్రుతి ఏంటో, నోట్ల నిడివి సగానికి తగ్గించారో లేదో, ఎడిటర్ కలిపిన షార్ప్‌లు ఫ్లాట్‌లు నోటు పైన చిన్నగా వేసి వేరుగా చూపించారో లేదో చూడండి, ఈ మూడూ చెప్పిన ఎడిషన్ తీసుకోండి.

మొదటిది 16వ శతాబ్దపు ఇంగ్లండ్ స్వరకర్త థామస్ టాలిస్ రాసిన ఇఫ్ యీ లవ్ మి. ఇంగ్లిష్ మాటలు, యోహాను సువార్త 14వ అధ్యాయం, మొదట అందరూ కలిసి పలికి తర్వాత ఒకళ్ళనొకళ్ళు అనుసరిస్తారు, చిన్నది. సిఎస్ఐ, బాప్టిస్ట్ చర్చిల్లో కూడా ఇబ్బంది లేకుండా పాడొచ్చు, ఎందుకంటే మరియమాత మీద రాసిన మోటెట్లు అక్కడ ఆరాధనలో కుదరవు, ముందే ఆలోచించుకోవాలి. గుంటూరు వైపు లూథరన్ క్వయర్లకి అయితే మికాయెల్ ప్రెటోరియుస్ 1609లో నాలుగు గొంతులకి అమర్చిన ఎస్ ఇస్ట్ ఐన్ రోస్ క్రిస్మస్‌కి చక్కగా సరిపోతుంది, వాళ్ళ సొంత సంప్రదాయం అది.

రెండోది పాలెస్ట్రీనా సీకుత్ చెర్వుస్. దుప్పి నీటివాగుల కోసం ఆశపడ్డట్టు అనే కీర్తన మాటలు, టెనర్ మొదలుపెడితే మిగతా గొంతులు ఒక్కొక్కటీ అందుకుంటాయి. మూడోది స్పెయిన్‌కి చెందిన విక్టోరియా 1572లో అచ్చేసిన ఓ మాగ్నుమ్ మిస్టేరియుమ్. బర్డ్ ఆవే వేరుమ్ కొంచెం ఆగి తీసుకోండి. దాని మొదట్లోనే పైగొంతులో ఎఫ్ షార్ప్, వెంటనే బాస్‌లో ఎఫ్ నాచురల్ వస్తాయి, విన్నవాళ్ళు అచ్చుతప్పు అనుకుని సరిదిద్దేస్తారు, దయచేసి దిద్దొద్దు, ఆ రాపిడి కావాలనే పెట్టింది.

ఏడో అడుగు: రిహార్సల్ లోపల

వారానికి ఒకసారి రెండు గంటలు పెట్టుకోండి. తంబురాతో పావుగంట, చాంట్ పావుగంట, మిగతాది పాలిఫొనీ, అంటే గొంతుకొక లైన్ ఉండే పాటలు. కొత్త పాట వస్తే ఇలా వెళ్ళండి.

ముందు మాటలు మాత్రం, రిథమ్‌లో, స్వరం లేకుండా, నాలుగు గొంతులూ కలిసి చదవాలి. అప్పుడే తెలుస్తుంది, ఒకరి బరువు పడే చోట ఇంకొకరి బరువు పడట్లేదని. ఇప్పటి స్కోర్లలో కనిపించే బార్ గీతలు అప్పట్లో లేవు, ఎవరి లైన్ వాళ్ళ పుస్తకంలో విడిగా ఉండేది, లేదా ఒకే పెద్ద పుస్తకంలో నాలుగు మూలలా నాలుగు లైన్లు రాసి అందరూ దాని చుట్టూ నిలబడి పాడేవాళ్ళు. బార్ గీత తర్వాత వచ్చే మొదటి నోటుని నొక్కితే మాటలు చచ్చిపోతాయి. మాట ఎక్కడ బరువో అక్కడే బరువు.

రెండు, స్వరాలు 'ను' మీద, జంటలుగా. సోప్రానో, టెనర్ కలిపి ఒకసారి, ఆల్టో, బాస్ కలిపి ఒకసారి, తర్వాత సోప్రానో, బాస్. జంట పాడుతుంటే మిగతావాళ్ళు ఖాళీగా కూర్చోకూడదు, ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో స్కోర్‌లో గుర్తు పెట్టుకోవాలి. నా లైన్‌లో ఉన్న రాగమే ముందు ఎవరు పాడారు, వాళ్ళు ఎలా పలికారో నేనూ అలాగే పలకాలి. అందుకుని రాగం పాడేవాళ్ళు కొంచెం ముందుకి, పొడుగు నోటు పట్టుకున్నవాళ్ళు కొంచెం వెనక్కి. కాగితం మీద గట్టిగా, మెల్లగా అనే గుర్తులు ఉండవు, ఈ ముందుకీ వెనక్కీ లోంచే అన్నీ వస్తాయి.

మూడు, సస్పెన్షన్లు. ఒక గొంతు పట్టుకున్న స్వరం మీద ఇంకో గొంతు వచ్చి రాసుకుని, పట్టుకున్నవాళ్ళు ఒక మెట్టు దిగితే ముడి విడిపోతుంది. ఈ సంగీతంలో ఉన్న బాధా తీపీ అంతా దాదాపు ఇక్కడే. రాసుకునే చోట ఒత్తిడి పెంచాలి, దిగేటప్పుడు తగ్గించాలి, తొందరపడి దిగకూడదు. ఆ రెండు గొంతులనే విడిగా నిలబెట్టి, ఆ రాపిడి మీద ఆపి విననివ్వండి. చాలామంది అపశ్రుతి అనుకుని భయపడి మెత్తగా పాడేస్తారు, అది తప్పు.

వేగం సంగతి. అప్పట్లో చెయ్యి కిందకీ పైకీ ఆడిస్తూ తాక్తుస్ అనే లెక్క పట్టేవాళ్ళు, ఇటలీ సంగీత శాస్త్రకారుడు గాఫూరియుస్ 1496లో దాన్ని నెమ్మదిగా ఊపిరి తీసుకునే మనిషి నాడితో పోల్చాడు. నోట్లు సగానికి తగ్గించిన స్కోర్ అయితే మినిమ్‌కి (రెండు క్రాచెట్ల నిడివి ఉన్న నోటు) నిమిషానికి 60 దగ్గర మొదలుపెట్టి మీ హాల్‌ని బట్టి సర్దుకోండి. కండక్టర్ అక్కర్లేదు, ఒకరు ఊపిరితో మొదలు ఇస్తే చాలు, పాటకొక మనిషి మారుతూ ఉంటే ఇంకా మంచిది.

శ్రుతి దిగిపోవడం అందరికీ ఉండే బాధ. దిగే మెట్లు మరీ పెద్దగా వెయ్యడం, ఎక్కే మెట్లు చిన్నగా వెయ్యడం, ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు ప్రతిసారీ కాస్త జారడం, అసలు కారణాలు ఎక్కువసార్లు ఇవే. దిగేటప్పుడు పొదుపుగా, ఎక్కేటప్పుడు ధారాళంగా వెళ్ళమని చెప్పండి. అయినా అదే పాట ప్రతిసారీ అదే చోట దిగుతుంటే మొదలుపెట్టే శ్రుతిని అరస్వరం మార్చి చూడండి, కొన్నిసార్లు గొంతు మారే చోటు తప్పి సమస్య పోతుంది.

కొన్నాళ్ళయ్యాక స్కోర్ తీసేసి ఎవరి లైన్ వాళ్ళకి మాత్రమే ప్రింట్ చేసి ఇవ్వండి. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది. తర్వాత మాత్రం కళ్ళతో వెతకడం మానేసి చెవితో వెతకడం మొదలుపెడతారు, నా దృష్టిలో మొత్తం ట్రైనింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

ఎనిమిదో అడుగు: రాయని షార్ప్‌లు

దీన్ని మూసికా ఫిక్తా అంటారు. పాత కాగితాల్లో కొన్ని షార్ప్‌లు, ఫ్లాట్‌లు రాసేవాళ్ళు కాదు, పాడేవాళ్ళకి తెలుసు కాబట్టి. ముఖ్యమైనవి రెండు. వాక్యం ముగిసే చోట రెండు గొంతులు సిక్స్త్ (స నుంచి ధ అంత దూరం) నుంచి విడిపోతూ ఆక్టేవ్‌కి వెళ్తే పైకి ఎక్కే స్వరాన్ని అరస్వరం పెంచాలి, మన లెక్కలో కైశికి నిషాదం ఉన్నచోట కాకలి నిషాదం వేసినట్టు. దిగే గొంతే అరస్వరం దిగుతుంటే మాత్రం పెంచక్కర్లేదు. రెండోది, ఫాకీ సికీ మధ్య వచ్చే ట్రైటోన్ (మూడు పూర్తి స్వరాల దూరం) తప్పించడానికి సిని ఫ్లాట్ చెయ్యడం. ఎడిటర్ పైన చిన్నగా వేసినవి సలహాలే, ఒకసారి అందరూ కూర్చుని తేల్చుకుని పెన్సిల్‌తో రాసేసుకోండి, కచేరీ రోజు చర్చ పెట్టుకోవద్దు.

తొమ్మిదో అడుగు: ఎక్కడ, ఎలా పాడాలి

పాడబోయే చర్చిలో కనీసం ఒక్కసారైనా ముందు పాడి చూడండి. మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టి ఎంతసేపు మోగుతుందో వినండి, ఎక్కువ మోగితే వేగం తగ్గించి హల్లులు పదును చెయ్యాలి, తక్కువ మోగితే కాస్త కదిలించాలి. మన చర్చిల్లో ఇంకో రెండు పనులున్నాయి. ఫ్యాన్లు ఆపించండి, వాటి హోరుకి ఒక శ్రుతి ఉంటుంది, తెలియకుండానే గొంతులు దానివైపు పోతాయి. మైకులు వద్దని సౌండ్ వాళ్ళకి ముందే మర్యాదగా చెప్పండి, చేతికొక మైకు, మిక్సర్‌లో ఎకో పెడితే మీరు కష్టపడి కలిపిన శ్రుతి ఏదీ మిగలదు. తప్పదంటే దూరంగా రెండు మైకులు, ఎకో సున్నా. అర్ధచంద్రాకారంలో, ఒకరి కళ్ళు ఒకరికి కనిపించేలా నిలబడండి.

పూజలో పాడాలంటే ఫాదర్ గారితో ముందే మాట్లాడండి. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆమోదించిన ఆరాధన పత్రంలోనే చాంట్‌కి మొదటి స్థానం ఇవ్వాలని, పాలిఫొనీకి కూడా చోటుందని ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అర్పణ దగ్గరో సత్ప్రసాదం దగ్గరో ఒక్క మోటెట్‌తో మొదలుపెట్టండి, జనం పాడుకునే తెలుగు పాటల్ని తీసేసి వాటి స్థానంలో ఇవి పెట్టొద్దు. కచేరీ అయితే గంట దాటకుండా, రెండు పాలిఫొనీ పాటల మధ్య ఒక చాంట్, దానివల్ల గొంతులకీ విశ్రాంతి, వినేవాళ్ళకీ విశ్రాంతి. మాస్ భాగాల్ని కీరియె, గ్లోరియా, క్రేదో అని వరసగా ఒకదాని వెంట ఒకటి పాడెయ్యకండి, పూజలో వాటి మధ్య ప్రార్థనలూ పాఠాలూ ఉంటాయి, మీరు ఆ ఖాళీల్లో చాంట్ పెట్టండి. తెలుగు అర్థం ప్రింట్ చేసి అందరి చేతిలో పెట్టండి.

ఇదంతా ఒక ఏడాది నడిచాక బర్డ్ నాలుగు గొంతుల మాస్ తీయండి. వెనక నుంచి, అంటే ఆఞ్యుస్ దేయి నుంచి నేర్చుకోవడం మేలు, అది మొదట రెండు గొంతులు, తర్వాత మూడు, చివరికి నాలుగూ అయ్యేలా కట్టాడు కాబట్టి గ్రూప్ కూడా అదే వరసలో ఎదుగుతుంది. చివర దోనా నోబిస్ పాచెమ్ దగ్గర సస్పెన్షన్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వస్తాయి, అక్కడ నలుగురినీ ఒకేసారి పెట్టకుండా రెండేసి గొంతులుగా విడదీసి, ప్రతి రాపిడి మీదా ఆగి, ఎవరు పట్టుకుంటున్నారు, ఎవరు దిగుతున్నారు అని పాడేవాళ్ళ చేతే చెప్పించి, అప్పుడు కలపండి.